మెస్సోదీ సమాధి మీది గులకరాళ్లు

చిరంజీవి నిసీమ్‌ను మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మన వీధివారందరూ కుశలం. కాసాబ్లాంకాలో నీవూ కుశలమని తలుస్తాను. తేదీ, ఊరు కావాలనే వేయలేదు.

నా మోకాలి గురించి అడిగావు. మెట్లు ఎక్కనిస్తోంది, దిగనివ్వడం లేదు. నీవు పంపిన ఉన్ని శాలువా అందింది.

‘మీరు పెళ్లికి వస్తే’ అని రాసి వాక్యాన్ని అక్కడే విడిచిపెట్టావు. ముప్పై ఆరేళ్లు పిల్లల చేత వాక్యాలు పూర్తి చేయించినవాణ్ణి. అది చదివినప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఇంతవరకు రాసేలోపే మూడుసార్లు లేచాను. పుదీనా టీ చల్లారిపోయింది.

మన యూదు సాధువు రబ్బీ ఏలియాహు ఉత్సవానికి ఏటా వెళ్లినట్టే బస్సులో ఇరవైమందిమి వెళ్లాం. అందరూ కొవ్వొత్తులతో సమాధి దగ్గరికి నడిచారు. పురోహిత వంశపు కొహెన్‌ను గనుక నేను శ్మశానం గోడ బయటే నిలబడ్డాను. మాంసం కొట్టు షిమోన్ ఊరుకుంటాడా?

“మాస్టారూ, సాధువు లోపల, మీరు బయట. మేం ముందెవరికి మొక్కాలి?”

నాకు నవ్వు రాలేదు. మీ అమ్మ మెస్సోదీ కూడా ఆ గోడ లోపలే ఉంది. ఖననం నాడు తప్ప ఈ ఏడేళ్లలో నేను గాని, నీవు గాని ఆమె దగ్గరికి పోలేదు. పురోహిత వంశం వారు సమాధుల వద్దకు పోరాదు, విడాకులైన స్త్రీని పెళ్లాడరాదు, రెండూ ధర్మగ్రంథంలో ఒకే అధ్యాయంలో ఉన్నాయని, నీవు పెళ్లాడతానన్న ఫ్రేహా విషయంలో నీకు పాఠం చెప్పినవాణ్ణి నేనే.

కాపలాదారు లహ్సెన్ టీ గ్లాసు అందిస్తూ, మీ కోడలు మొన్ననే వచ్చి అమ్మగారి సమాధికి సున్నం వేసి వెళ్లిందన్నాడు. నాకు కోడలు లేదన్నాను.

“లేకపోవడమేంటయ్యా? ఫ్రేహమ్మ నెలనెలా వస్తది. మావాళ్లిద్దరూ లోపలికి రాకూడదు, అందుకే నేనొస్తున్నా అంటది.”

నిసీమ్, ఇక దాచలేను. అందరూ భోజనాలకు కూర్చున్నాక నేను గోడ దాటాను. సాధువు వద్దకు కాదు. మీ అమ్మ సమాధి తెల్లగా ఉంది. ఫ్రేహా వచ్చినప్పుడల్లా ఆనవాలుగా పెట్టిన గులకరాళ్లు అంచు పొడవునా ఉన్నాయి. లెక్కపెట్టబోయాను, కళ్లు ఆనలేదు. నేనూ ఒక రాయి వెతికి పెట్టాను. తిరుగు ప్రయాణంలో షిమోన్ నా బూట్లకంటిన సున్నం చూశాడు. తల తిప్పుకున్నాడు. ఈ కాగితం ఎవరి చేతిలోనైనా పడితే అది ఏ శ్మశానమో, ఏ రోజో తెలియకూడదనే తేదీ, ఊరు వేయలేదు; పేర్లన్నీ రాశాక అది దాగదని ఇప్పుడు తెలుస్తోంది.

నియమం మారిందని నేననను. నేను తప్పాను. తప్పినవాడు నీ గుమ్మానికి అడ్డుగా నిలబడలేడు. ఏ రబ్బీ ఒప్పుకున్నా, ఒప్పుకోకున్నా, నీవు విడిచిన వాక్యాన్ని పూర్తి చేస్తున్నాను: పెళ్లికి వస్తాను.

ఈ ఉత్తరాన్ని ఫ్రేహాకు పైకి చదివి వినిపించు. లహ్సెన్ మాటల దగ్గర తొందరపడకు.

ఇట్లు,
నీ తండ్రి, ఫ్రేహాకు మామగారు,
మఖ్లూఫ్ కొహెన్