నాకు తెలిసిన పనే

శనివారం, కోస్గి

ఎల్లమ్మవ్వ బర్రె ఈనలేక అవస్థ పడుతుంటే చెయ్యి పెట్టి చూసిన. దూడ ముందుకాలు ఒకటి వెనక్కి మడతపడి ఉంది. దూడను కొంచెం లోపలికి నెట్టి, కాలు సరిచేసి గుంజాలి. పశువైద్య పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు రెండుసార్లు నా చేత్తో చేసిన పనే.

"డాక్టర్ సారు రాలేదా బిడ్డా? నీతోని అయితదా?" అని అవ్వ అడగ్గానే చెయ్యి తీసేసిన. సారుకు ఫోన్ చేసి కూర్చున్న. ఆయన రెండు గంటల తర్వాత వచ్చి, నేను అనుకున్నట్టే కాలు సరిచేసి దూడను తీసిండు. బర్రె బతికింది. దూడకు ఊపిరి లేదు.

నేను ఏడుస్తుంటే అవ్వే నా చేతుల మీద నీళ్లు పోసింది.

"ఊకో బిడ్డా. నీకు తెల్వకపాయె, నువ్వేం జేస్తవు?" అన్నది.

నాకు తెలుసని చెప్పడానికి నోరు రాలేదు. రేపు బర్రెను చూడటానికి మళ్లీ పోవాలి. అప్పుడైనా చెప్పగలనా...