దవడ నాది

ఒరేయ్ తమ్ముడూ,

దవడ ఎముక పుచ్చి నోరు పెగలడం లేదు గానీ, నా చెవులు బాగానే ఉన్నాయి. నిన్న నా మంచం పక్కనే నిలబడి డాక్టరమ్మతో, "ఈ వయసులో మా అక్కకి కోతలెందుకండీ, పాలు తాగి గడిపేస్తుంది" అన్నావు. ఆ పాలేవో నువ్వే తాగు. నాకు నమలాలని ఉంది.

నువ్వు వెళ్లాక ఆవిడ నన్నే అడిగింది. కాలి ఎముక ముక్క తీసి దవడ కడతారట. నావి గుల్లబారిన ఎముకలు కాబట్టి అతుక్కోకపోవచ్చని, అసలు నేను లేవకపోవచ్చని కూడా దాచకుండా చెప్పింది. అంతా విని సంతకం పెట్టేశాను.

కండక్టరుగా కిక్కిరిసిన బస్సులో జనాన్ని ఒక్క అరుపుతో వెనక్కి జరిపిన నోరిది. దాని తరఫున నువ్వు మాట్లాడక్కర్లేదు.

రేపే ఆపరేషన్. వస్తే రా, ఏడుపు మొహంతో మాత్రం రాకు. దవడ అతుక్కోగానే మొదటి తిట్టు నీకే.

అక్క