బయానా లేని ఐదో నంబరు

నవంబర్ 6, గురువారం

సీజన్ మొదలు. అద్దెకిచ్చే ఐదు కారవాన్లూ కడిగాం, చక్రాల చుట్టూ పేరుకున్న ఇసుక తీశాం. ఐదో నంబరు తలుపు ఇంకా కీచుమంటూనే ఉంది. సముద్రం దానికే దగ్గర కదా, ఆ మాత్రం గర్వం ఉంటుంది. నూనె పోస్తే ఒక పూట నోరు మూసుకుంటుంది.

ఖతార్‌లో దుఖాన్ దాటి ఈ ఒడ్డుకొచ్చి ఇది మూడో సీజన్. అంతకు ముందు తొమ్మిదేళ్ళు రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటు పైపులెక్కడం, దిగడం, లేబర్ క్యాంప్ బస్సులో నిద్రపోవడం. నా టీ నేను పెట్టుకుని, నీళ్ళ వైపు చూస్తూ తాగడం ఇక్కడికొచ్చాకే. సుఖంగా ఉన్నాను. రాసి పెట్టుకుంటే తప్పులేదు.

నవంబర్ 7, శుక్రవారం

ఐదు కుటుంబాలు వస్తామన్నాయి. మూడు వచ్చాయి. రానివాళ్ళలో ఒకరు ఫోన్ ఎత్తలేదు. ఇంకొకరు - "వచ్చే వారం, ఇన్‌షా అల్లా".

మల్లేశం దుప్పట్లు మడతపెట్టి మళ్ళీ లోపల పెట్టాడు. వంటా ఊడ్పూ అతనివే. మెట్‌పల్లి దిక్కు మనిషి, ఖతార్ వచ్చి ఇంకా నెల కాలేదు. "రానోళ్ళకు పక్కలు ఏసుడేందన్నా..." 

నవంబర్ 8, శనివారం

బాబా వచ్చాడు, వెంట కూతురు మరియం మేడం. ముసలాయన్ని మేమంతా బాబా అనే పిలుస్తాం. కారవాన్లు ఆయనవి, వాటి మంచిచెడ్డలు ఈ ఏటి నుంచి మేడంవి.

మేడం సూటిగా అంది - బుక్ చేసేటప్పుడే కొంత డబ్బు పంపమని అడగాలి. అరబూన్. మన బయానా. బాబా మొహం వేపాకు నమిలినట్టు పెట్టాడు. "అయిబ్." సిగ్గుచేటు అని. ఇంకా గడప తొక్కని అతిథిని డబ్బు అడుగుతామా...

"కారవాన్లకు గడపలు లేవు నాన్నా" అంది మేడం. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

తర్వాత నవ్వు రాలేదు. ఇలాగే ఖాళీలు మిగిలితే ఈ సీజన్ తర్వాత కారవాన్లు అమ్మేస్తారట. కోపంగా అనలేదు, మెత్తగా అంది. అందుకే నమ్మాను. అమ్మితే నేను మళ్ళీ క్యాంప్‌కే.

"నువ్వేమంటావు?" అని నన్నే అడిగింది. "మీ ఇష్టం" అన్నాను. పిరికి మాట. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను గానీ, ఇక్కడ దురదంతా కత్తిపీటకే.

నవంబర్ 12, బుధవారం

పొద్దంతా గాలి. గ్యాస్ సిలిండర్లకు దుఖాన్ వెళ్ళొచ్చాను. ఫోన్ మల్లేశం దగ్గర వదిలి వెళ్ళాను.

నవంబర్ 13, గురువారం

వదలకుండా ఉండాల్సింది.

నాలుగో నంబరు బుక్ అయిందని పలక మీద రాసి పెట్టాడు మల్లేశం. నేనూ నమ్మాను. మధ్యాహ్నం దోహా అల్ ముంతజా నుంచి ఒక తెలుగావిడ ఫోన్ చేస్తే ఖాళీ లేదన్నాను. సుజాత గారట, పిల్లలు సముద్రం సముద్రం అని ప్రాణం తీస్తున్నారట. సాయంత్రం చూస్తే నాలుగో నంబరుకు మనిషే లేడు.

ఎవరు బుక్ చేశారురా అంటే - "ఎవలో అరబాయనన్నా. ఖాళీ ఉందా అన్నడు, ఉన్నదన్న. ఇగ బుక్‌రా, బుక్‌రా అన్నడు. నన్ను పట్టుకొని రా అంటడేందని మనసుల పడలేదు గని, కస్టమర్ గద, బుక్ జేసిన."

బుక్రా అంటే అరబ్బీలో రేపు. రేపు చెప్తానన్నాడు ఆ మనిషి. ఆ రేపు ఎప్పుడో ఆయనకూ తెలిసి ఉండదు.

తిడదామని నోరు తెరిచి, నవ్వలేక చచ్చాను. మల్లేశం మాత్రం నవ్వలేదు. "ఇగ ఈ దేశంల రేపటిని గూడ రా అంటరా?"

నవంబర్ 14, శుక్రవారం

మేడంకి చెప్పక తప్పలేదు. ఒక్క మాటే అంది - "అరబూన్ అడిగి ఉంటే?"

సుజాత గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వి, "ఏదో అడ్వాన్స్ తీసేసుకోండి బాబూ, మాకే నిశ్చింత. పంపించాక మా చోటు మాదే కదండీ" అంది. ఈ కోణం నాకు తట్టలేదు. అడిగేవాడికే సిగ్గు గానీ ఇచ్చేవాడికి కాదన్నమాట. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అయినా బాబా మొహం గుర్తొస్తే నోరు పెగలదు.

నవంబర్ 16, ఆదివారం

మా ఆవిడ లావణ్యతో ఫోన్. ఆర్మూర్ పక్కన మా టెంట్ హౌస్ తనే నడుపుతుంది - షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు. పెళ్ళిళ్ళ సీజన్‌లో నాకు రెండు నిమిషాలు దొరికితే గొప్ప. ఇవాళ తీరికగా ఉంది. కథంతా చెప్పాను.

"బయానా లేకుండ ఎట్లిస్తరు? మీ సేటుకు తిక్కనా?"

"ముందుగాల పైసలడుగుడు నామోషీ అంటడు."

"పైసలెవలడగమన్నరు? నేను గంటె ఇయ్యనా?"

మరిచిపోయాను. నిజమే. పెళ్ళి మాట్లాడటానికి ఎవరొచ్చినా ఇంతో అంతో బయానా తీసుకుంటుంది, వెళ్ళేటప్పుడు పెద్ద అన్నం గంటె చేతిలో పెడుతుంది. పెళ్ళి దాకా అది వాళ్ళ ఇంట్లో ఉండాలి. మా అత్త కాలం నుంచీ అలవాటు. బయానా పోతే పోయిందని వేరే టెంట్ హౌస్‌కు పోయినవాళ్ళున్నారు. గంటె ఇంట్లో పెట్టుకుని పోయినవాళ్ళు ఒక్కరూ లేరట.

"తీస్కునుడు గాదయ్యా, ఇచ్చుడు. మన సామాను ఆళ్ళింట్ల ఉంటే ఆళ్ళకు నిద్రపట్టది."

ఇరవై ఆరు నుంచి మూఢం, ఫిబ్రవరి దాకా లగ్గాలు లేవు అంది. అయితే రారాదా ఒకసారి అన్నాను. ప్రతి ఏడూ అంటాను. క్యాంప్‌లో ఉన్నప్పుడు మాటవరసకు అనేవాణ్ణి, పిలిస్తే ఎక్కడ ఉంచను? ఇప్పుడు చోటుంది. "దుబాయ్ సూశినట్టు గూడ అయితది, సూద్దాం తీ" అంది. పన్నెండేళ్ళ నుంచి ఖతార్ అని చెబుతూనే ఉన్నాను.

నవంబర్ 20, గురువారం

పాత కంపెనీ దోస్తు సత్తయ్య, ఇంకో ముగ్గురు రావలసిన రోజు. నెల నుంచి అనుకుంటున్నారు. పొద్దున ఫోన్ - "డ్యూటీ మారిందిరా. మేమేం జేస్తం. ఏమనుకోకు."

ఏమనుకుంటాను. ఆఫ్ ముందు రోజు ఆఫ్ పోవడం నాకు తెలియనిదా. అరబూన్ తీసుకుని ఉంటే సత్తయ్య డబ్బు పోయేది. తీసుకోలేదు కాబట్టి మా రెండో నంబరు పోయింది. ఎటు చూసినా ఒకరి గొంతులో వెలక్కాయే.

నవంబర్ 22, శనివారం

బాబాకు గంటె సంగతి చెప్పాను. నా అరబ్బీ, నా హిందీ, మిగిలింది చేతులు. గంటె అనడానికి గాలిలో అన్నం కలిపి చూపించాను.

చాలాసేపు నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఇది బాగుంది, అతిథికి ముందు మనమివ్వాలి, అడగడం తర్వాత అన్నాడు. మేడం మాత్రం - ఫోన్‌లో గంటె ఎలా పంపుతావు?

పలక కడుగుతూ మల్లేశం అన్నాడు, "పేరు రాస్తే అయిపాయె గదన్నా. తలుపుకు పేరు రాశి, ఫోటో కొట్టి పంపుదాం. ఆళ్ళ పేరు మన తాన ఉన్నట్టే గద."

బుక్‌రా మల్లేశం. ఈ మనిషిని ఇక తిట్టను.

మేడం ఒప్పుకుంది, షరతుతో. డిసెంబర్‌లో నేషనల్ డే దాకా చూస్తుంది.

నవంబర్ 27, గురువారం

తలుపు తలుపుకూ పలక. అరబ్బీ పేర్లు బాబా రాశాడు, వణికే చేత్తోనే ఎంత అందంగానో. సుజాత గారి పేరు నేను తెలుగులో రాశాను. సున్నం కొట్టినంత తెల్లటి తలుపు మీద, ఎడారిలో, తెలుగు అక్షరాలు. నాకే ముచ్చటేసింది.

వాళ్ళు దిగీ దిగగానే పిల్లలిద్దరూ పలక పక్కన నిలబడి ఫోటోలు. "మా అత్తగారు పేరు చూసుకుని మరీ బయలుదేరారండీ. రాకపోతే బాగోదన్నారు" అంది సుజాత గారు. రాకపోతే బాగోదు - అదే, ఆ మాటే కావాలి నాకు.

ఐదూ నిండాయి.

డిసెంబర్ 3, బుధవారం

చేపలు. మల్లేశం పులుసు. ఇంకేం రాయను, నిద్రొస్తోంది.

డిసెంబర్ 18, గురువారం

నేషనల్ డే. రోడ్డంతా జెండాల కార్లు. నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. ఐదో నంబరు మూసే ఉంది. పేరు బాబా రాసిందే - జాసిం అనే ఆయన, భార్య, పిల్లలు. ఫోన్ స్విచ్ ఆఫ్.

ఈ వారం ఎంతమంది అడిగారో. తుడిచేసి ఎవరికైనా ఇద్దామా అన్నాను. బాబా తల అడ్డంగా ఊపాడు. పేరు రాశాక తుడవరు.

మేడం చేతులు కట్టుకుని ఆ తలుపు వైపు చూస్తూ నిలబడింది.

డిసెంబర్ 19, శుక్రవారం

నమాజు అయ్యాక ఒక కారు. జాసిం. తల్లిని రాత్రంతా ఆసుపత్రిలో పెట్టారట, పొద్దున ఇంటికి పంపారట, తిన్నగా ఇటే. దిగి, పలక చూసి, అక్కడే ఆగిపోయాడు. "ఇంకా ఉంచారా..." బాబా ఆయన భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్ళాడు. కీచుమన్న తలుపు. ఇంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు.

డిసెంబర్ 20, శనివారం

ఇది వచ్చినట్టా, రానట్టా? మేడంని అడిగాను. "సగం" అంది. నవ్వుతూనే అంది.

ఇంకో గడువు ఇచ్చింది. జనవరి ఆఖరి గురువారం. అరబూన్ లేకుండా ఐదూ నిండితే ఇక ఆ మాట ఎత్తదు, వచ్చే సీజన్ కూడా మాదే. ఒక్కటి ఖాళీ ఉన్నా కారవాన్లు కొనే మనిషితో మాట్లాడుతుంది.

న్యాయమే. కోపం రాలేదు. భయమేసింది.

జనవరి 5, సోమవారం

లావణ్య పాస్‌పోర్టు వచ్చిందట. నాకు చెప్పకుండానే పెట్టుకుంది. పొద్దంతా మనసు గాల్లో. పప్పు చూడమంటే ఉప్పు బదులు చక్కెర వేసి పాడుచేశాను, మల్లేశం మారు మాట్లాడకుండా తిన్నాడు.

జనవరి 10, శనివారం

లావణ్య రావచ్చని బాబాకు చెప్పాను. ఏ నంబరు కావాలి అని మాత్రమే అడిగాడు. ఐదు అన్నాను, సముద్రం కోసం. ఎప్పుడు? తను అనుకుంటున్నది ఆఖరి వారమే. అనుకుంటోంది, అంతే.

మేడం వీసా కాగితాలు చూస్తానంది. తర్వాత కళ్ళద్దాల పైనుంచి - "ఆ గురువారమా? సరే, అతిథి అతిథే, లెక్కలోకే. నీ భార్యను అరబూన్ అడిగావా?"

దొరికిపోయాను.

జనవరి 17, శనివారం

వీసా వచ్చింది. టికెట్ ఇంకా తీసుకోలేదు. "టికెటోడు బయానా గాదు, మొత్తం ఒక్కపారే అడుగుతుండు. పాడుగాను" అంటుంది. నేను తీస్తానంటే వద్దంది. నా ప్రయాణం నా పైసలతోనే అంది. తమ్ముడు టెంట్ హౌస్ చూసుకుంటాడో లేదో, మూఢంలో కూడా దినాలకు కుర్చీలడుగుతారు, తాళం ఎవరికివ్వాలి... నూటొక్క సాకు. బయానా తీసుకునేవాళ్ళు మాటివ్వడానికి ఇంత భయపడతారని ఇప్పుడు తెలిసింది.

జనవరి 24, శనివారం

నాలుగు పలకలూ రాసేశాం. ఫోటోలు పంపాం. నలుగురూ వస్తున్నామన్నారు.

ఐదో పలక నేనే రాశాను. లావణ్య. ణ కింద య వత్తు మూడుసార్లు తుడిచి రాశాను. ఇన్నేళ్ళలో తన పేరు నా చేత్తో రాసిందే లేదు, అవసరమేముంది. ఫోటో పంపాను. రెండు నీలం టిక్కులు. జవాబు లేదు.

జనవరి 27, మంగళవారం

మల్లేశం ఇవాళ గొంతు సవరించుకుని అన్నాడు, "అన్నా, ఏమనుకోకు. ఐదో నంబరు వేరేటోళ్ళకిచ్చి, వదినొస్తే నా రూం ఇస్త. నేను కిచెన్ల పంట. ఖాళీ ఉంటే పోతయి గద, మన కొలువులు..."

తప్పేం అనలేదు. అతని ఉద్యోగం కూడా ఆ తలుపు మీదే ఉంది. ఆలోచిస్తానన్నాను. సాయంత్రం దాకా నీళ్ళ పక్కన నడిచాను. జాసిం మొహం గుర్తొచ్చింది, ఆ పలక ముందు నిలబడ్డప్పటిది.

తుడవనన్నాను. మల్లేశం "సరే తీ. ఉల్లిగడ్డ కోస్త" అన్నాడు.

జనవరి 28, బుధవారం

పొద్దున లావణ్య నుంచి ఒక ఫోటో. మాట లేదు, గొంతు లేదు. మంచం మీద తెరిచిన సూట్‌కేసు, మడత పెట్టిన రెండు చీరలు, వాటి మీద అడ్డంగా పెద్ద అన్నం గంటె.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. బిజీ.

వస్తున్నానని రాయలేదు. రానని రాయలేదు. గంటె ఉన్న ఇల్లు మాట తప్పదని తనే అంది - కానీ గంటె ఇంకా మా ఊరి ఇంట్లోనే ఉంది, మంచం మీద. నా దగ్గరకు బయలుదేరిందో, ఊరికే పెట్టి చూసుకుందో...

ఐదో నంబరులో పక్క మార్చాను. తలుపుకు నూనె పోయలేదు. కీచుమనాలి, నాకు వినబడాలి.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎవరో దోహా నుంచి, పెద్ద కుటుంబం. రేపటికి ఒక్కటి, ఒక్కటైనా ఉందా, ఎంతైనా సరే, డబ్బు ఇప్పుడే పంపేస్తాం అంటున్నారు. మల్లేశం గరిటె పట్టుకుని నా మొహమే చూస్తున్నాడు.

ఖాళీ లేదన్నాను.