ప్రణవి చేతి మీది వాత

బుకిట్ బటోక్

లీలావతి ఆంటీకి నమస్కారాలు.

ఫోనులోనైతే ఏడ్చేస్తానని రాస్తున్నాను. ఊరెళ్ళినప్పుడు మా ప్రణవికి కామెర్లొస్తే, తగ్గుతాయని మా అమ్మ దాని మణికట్టు మీద వాత పెట్టింది. ఆ మచ్చ ఈ పరాయి దేశంలో, బళ్ళో టీచరు కంటబడింది. నిన్న పిల్లల రక్షణ అధికారి ఇంటికొచ్చి, ఎవరు కాల్చారో రాసివ్వమంది. తొందర లేదని, తెలిసినవాళ్ళను అడిగి రాయడం నా హక్కని కూడా చెప్పింది. మా ఊళ్ళో వెంటనే బదులు చెప్పనివాడే దొంగ. ఈ హక్కేమిటో నాకు అర్థం కావడం లేదు.

"వాత పెట్టినప్పుడు నువ్వు ఇంట్లో లేవని రాసెయ్. లేకపోతే పిల్లని తీసుకుపోతారు" అంటున్నారు మా ఆయన.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. వద్దనాల్సినదాన్ని నేనే. కానీ ఆంటీ, ఆ రోజు పిల్ల చెయ్యి కదలకుండా పట్టుకున్నది నేను. అది రాస్తే ప్రణవిని నా దగ్గర ఉంచుతారా?

శనివారం ఆ అధికారి మళ్ళీ వస్తుంది. నిజమే రాద్దామనుకుంటున్నాను. మీరొచ్చి నా పక్కన కూర్చుంటారా?

ఇట్లు,
మీ పక్క బ్లాకు అమ్మాయి