విరగని కుర్చీలు, పడని వీరులు

మామయ్య గారికి మేనల్లుడి నమస్కారాలు.

నేను క్షేమం. మీరు నమూనాకు పంపిన కుర్చీ అంతకన్నా క్షేమం.

ఫైట్ మాస్టర్‌గా ఇదే నా మొదటి సినిమా. ఏడుగురు హీరోలు, అందరూ కరాటే, కుంగ్‌ఫూ వీరులే. ఆఖరి పోరాటంలో ఏడుగురూ కిందపడి లేవాలి. పక్కవాడు పడ్డాకే పడతానని ప్రతివాడూ భీష్మించుకున్నాడు. ముందు పడినవాడు చిన్న హీరో అయిపోతాడట. నెలలోగా సీను తీయకపోతే వేరే మాస్టర్ని పెడతానని నిర్మాత చెప్పేశారు. విరిగే కుర్చీలు ఏడు చేసి పంపండి. వెనకనుంచి కొట్టిస్తాను, పడక చస్తారా.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క.: నమూనాతో విలన్ని కొట్టి చూశాం. కుర్చీకి గీత పడలేదు. విలన్ గారికి మూడు రోజులు సెలవు.

చిరంజీవి మేనల్లుడికి దీవెనలు.

నా కుర్చీ విరగలేదని ఫిర్యాదు చేసిన మొదటివాడివి నువ్వే. నలభై ఏళ్ళుగా టేకు తప్ప ముట్టనివాణ్ణి. కాళ్ళకు అడ్డకర్రలు కూడా వేసి మరో రెండు పంపుతున్నాను. ఈసారి గట్టిగా కొట్టించు.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క.: సెలవు సంగతి నన్నడక్కు. ఆ తల ఎవరు చేశారో వాళ్ళనడుగు.

మామయ్య గారికి నమస్కారాలు.

విలన్ గారికి ఇప్పుడు పది రోజులు సెలవు. మామయ్యా, విరగాల్సింది కుర్చీ, మనిషి కాదు. తేలిక చెక్కతో చేసి, కాళ్ళు సగందాకా కోయండి. నా ఉద్యోగం మీ రంపం మీద ఉంది. ప్రచార సభలో హీరోలు కూర్చోడానికి అచ్చం అలాంటివే మంచివి ఏడు కావాలి. ఏవి ఏవో గుర్తు పెట్టండి.

మీ మేనల్లుడు

తా.క.: ఇది నిలబడే రాస్తున్నాను. సెట్లో పెద్దవాళ్ళకే కుర్చీ.

చిరంజీవికి దీవెనలు.

పద్నాలుగు కుర్చీలు లారీ ఎక్కించాను. కోయడానికి చెయ్యి రాలేదు. కళ్ళు మూసుకుందామంటే వేళ్ళు పోతాయి. అయినా ఏడింటికీ ఒకే లోతు కోశాను, ఆ మాత్రం పద్ధతి ఉండాలి. మంచివాటి వీపు మీద ఎప్పటిలాగే నా పేరు చెక్కాను. పేరున్నవి కూర్చోడానికి, లేనివి కొట్టడానికి.

మామయ్య

తా.క.: మీ అత్తయ్య పేరులేనిదాని మీద కూర్చుంది. దెబ్బేం తగల్లేదు గాని, నాతో మాటల్లేవు.

మామయ్య గారికి వెయ్యి నమస్కారాలు.

కొంప మునిగి తేలింది. నేను విలన్ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ప్రచారం చూసే ఆయన వేదిక సర్దించాడు. మీ పేరు చూసి, మన సభలో ఇంకెవడి ప్రకటనో ఏమిటని మండిపడి, పేరులేనివి వేయించాడు. ముందు కూర్చుంటే చిన్నతనమని హీరోలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఒకేసారి కూర్చున్నారు. ఒకేసారి పడ్డారు. అరక్షణం తేడా లేదు. ఆ ఫొటోయే ఇప్పుడు పోస్టరు. ఎవరూ ముందు పడలేదు గనక ఎవరికీ కోపం లేదు. సినిమాలోనూ అలాగే పడతామని ఒప్పుకున్నారు. నా ఉద్యోగం నిలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి మామయ్యా.

మీ మేనల్లుడు

తా.క.: అదంతా నా పథకమేనని నిర్మాత మెచ్చుకుంటున్నారు. నేను కాదనలేదు.

చిరంజీవికి దీవెనలు.

ఒకే లోతు కోశానని చెప్పానా? పోస్టరు షాపు గోడకి అంటించాను. విరిగినవన్నీ మావేనని మీ అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. నువ్వు నిలబడి ఉత్తరాలు రాస్తుంటే ఇక్కడ నా ప్రాణం ఉసూరుమంటోంది. నీకోసం ఎనిమిదో కుర్చీ చేసి పంపాను, వీపు మీద నీ పేరు చెక్కాను. హీరోల పక్కనే వేసుకుని దర్జాగా కూర్చో.

మామయ్య

తా.క.: తొందరలో కాళ్ళు మాత్రం మిగిలిన ముక్కల్లోంచి తీసి బిగించాను. కోసినవో కోయనివో గుర్తు రావడం లేదు. ముందు నిర్మాత గారిని కూర్చోబెట్టి మర్యాద చెయ్యి.