నువ్వివ్వని ఆజ్ఞ

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. 'స్వామివారి పాదపద్మాలకు' అని మొదలుపెట్టాలని, నీ ఫోన్లు ఎత్తే శిష్యుడు కిందటిసారి నాకు పాఠం చెప్పాడు. నావల్ల కాదు. చిన్నప్పుడు నీకు జలుబు చేస్తే ముక్కు తుడిచిన చెయ్యి ఇది. ఇక్కడ నేను బాగున్నాను, మీ బావ బాగున్నారు. అమ్మ సంగతి కింద రాస్తాను, అక్కడిదాకా ఓపిగ్గా చదువు. కవరు మీద నువ్వే విప్పాలని రాశాను. అయినా నీ శిష్యులు విప్పుతారేమో, విప్పనీ.

ఆశ్రమానికి ఎందుకు రావడంలేదని నీ ఉత్తరంలో అడిగావు. మా టైలరింగ్ షాపులో ఇది స్కూలు యూనిఫారాల కాలం. రోజంతా చొక్కాలకు కాజాలు కుట్టి ఇంటికొచ్చేసరికి నడుం నాది కాకుండా పోతోంది. పైగా అక్కడికొస్తే వరసలో నిలబడి నిన్ను చూడాలి. "మీ తమ్ముణ్ణి చూడాలంటే టోకెను కావాలి, నన్ను చూడ్డానికి ఏమీ అక్కర్లేదు, అందుకే నా విలువ నీకు తెలీదు" అంటారు మీ బావ. పైకి నవ్వాను గానీ కడుపు మండింది.

అమ్మ ధ్యానం ఎలా సాగుతోందని రెండో ప్రశ్న. బ్రహ్మాండంగా సాగుతోంది. కళ్లు మూసుకోవడానికి ఆవిడ ఇప్పుడు పెద్దగా కష్టపడక్కర్లేదు. కుడికన్ను పూర్తిగా పోయింది.

ఎలా పోయిందో నీకు తెలియాలి. అమ్మ గ్లాసు పక్కన నీళ్లు పోస్తోందనీ, గుమ్మం తగిలి భుజం కమిలిందనీ కిందటేడు నీకు రాశాను. కళ్ల డాక్టరమ్మ చూసి నీటికాసులంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుందట. పోయిన చూపు తిరిగి రాదట, వెంటనే ఆపరేషన్ చేస్తే ఉన్నది నిలుస్తుందట. అమ్మ సరేనంది. సంచీ సర్దుకుంది. బయల్దేరేముందు నీ చెవిన వేద్దామని ఫోన్ చేసింది. ఆరోజు ఏ కళనున్నావో, నువ్వే ఎత్తావు. స్పీకర్ పెట్టాను కాబట్టి నేనూ విన్నాను. నీ వెనక ఎవరో మైకు సరిచూస్తున్నారు. నువ్వు హడావుడిలో ఉన్నావు.

"ఇప్పుడెందుకులే, తర్వాత చూద్దాం" అన్నావు.

అంతే. ఫోన్ పెట్టేయడానికి ఏ కొడుకైనా తల్లితో అనే మాటే అది. ఇంకో తల్లయితే వీడెప్పుడూ ఇంతే అని విసుక్కుని ఆస్పత్రికి వెళ్లేది. కానీ అమ్మ నీ దగ్గర ఉపదేశం తీసుకుంది కదా. అందుకని అది కొడుకు మాట కాలేదు, గురువాక్యం అయింది. సంచీలో బట్టలు తీసి మళ్లీ అలమారలో పెట్టేసింది. నేనెంత మొత్తుకున్నా, తర్వాత అన్నారు కాబట్టి ఆ తర్వాత ఎప్పుడో ఆయనే చెబుతారని కూర్చుంది. నువ్వొక్క మాట చెబితే వెళ్తుందని ఉత్తరం మీద ఉత్తరం రాశాను. స్వామివారు మౌనదీక్షలో ఉన్నారని నీ శిష్యుడు జవాబు రాశాడు. నీ దీక్ష ముగిసేసరికి అమ్మ కన్ను కూడా ముగిసింది. గురువంటే చీకటి పోగొట్టేవాడని మీ కరపత్రంలో చదివాను. దాన్ని చింపి పొయ్యిలో పెట్టాను.

గురువులంటే నాకు పడదనుకోకు. నువ్వు డ్రైవింగ్ స్కూల్లో నేర్పే రోజుల్లో నిన్ను చూస్తే నాకెంత గర్వమో. నేర్చుకునేవాడి పక్కన కూర్చునేవాడివి. నీ కాలికింద ఇంకో బ్రేకు ఉండేది. వాడు తప్పుచేస్తే నువ్వు తొక్కేవాడివి. వాడి ప్రాణంతోపాటు నీ ప్రాణమూ ఆ బండిలోనే ఉండేది. నా దృష్టిలో గురువంటే అదీ. ఇప్పుడు నువ్వు బండిలో లేవు. వేదిక మీద కూర్చుని, పోయేవాళ్లందరికీ చెయ్యెత్తుతున్నావు.

సన్యాసికి తండ్రైనా దణ్ణం పెట్టాలట, తల్లికి మాత్రం సన్యాసే దణ్ణం పెట్టాలట. పెద్దలు చెప్పగా విన్నాను. ఉపదేశం రోజున అమ్మ, పట్టేసిన మోకాళ్లతో కిందికి వంగి నీ కాళ్లకు మొక్కింది. వెంటనే లేవదీస్తావనుకున్నాను. నువ్వు అలాగే నిలబడి ఆశీర్వదించావు. ఆరోజు నుంచి నా మనసు విరిగిపోయింది, మళ్లీ అతకలేదు.

ఇక నీకు చెప్పకుండా దాచిన విషయం. ఎడమకన్ను కూడా అదే దారి పట్టిందని ఈమధ్య డాక్టరమ్మ చెప్పింది. అమ్మది మళ్లీ అదే పాట. ఆయన చెప్పాలి. నాకు ఒళ్లు మండిపోయింది. ఒకరోజు షాపు నుంచి వచ్చీ రాగానే, చెప్పులైనా విప్పకుండా, నువ్వు షాపుకి ఫోన్ చేశావనీ, వెంటనే ఆపరేషన్ చేయించుకోమని ఆజ్ఞ ఇచ్చావనీ చెప్పేశాను. పచ్చి అబద్ధం.

అమ్మ, "నన్నేమని పిలిచాడు?" అని అడిగింది.

ఆ ప్రశ్న నీకు అర్థమైందా? నీ దగ్గరికొచ్చే ఆడవాళ్లందరినీ నువ్వు 'తల్లీ' అంటావు. ఉపదేశం ఇచ్చింది మొదలు అమ్మనీ అలాగే అంటున్నావు. ఆవిడ దాని గురించి ఏనాడూ నోరెత్తలేదు. 'తల్లీ' అన్నావనే చెబితే నా అబద్ధం అతికినట్టుండేది. నోటికి ఇంకోటి వచ్చింది.

"అమ్మా అన్నాడు" అన్నాను.

ఆవిడ చూపులేని కంట్లోంచి కూడా నీళ్లు వస్తాయని అప్పుడు తెలిసింది నాకు. తర్వాత లేచి తనే సంచీ సర్దుకుంది. ఆపరేషన్ బాగా జరిగింది. ఎడమకన్ను నిలిచింది. బతికున్నన్నాళ్లూ కంట్లో చుక్కలు వెయ్యాలి, వేస్తున్నాను. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ మా గురువుగారే కాపాడారని చెబుతోంది. వాళ్లకి కాఫీలిచ్చి, నేను కూడా తలూపుతున్నాను.

నీకు కృతజ్ఞత చెప్పుకోవాలని, త్వరలో ఫోన్ చేస్తుందట. ఆ శిష్యుణ్ణి పక్కకు జరగమని నువ్వే ఎత్తు. ఆజ్ఞ నేనివ్వలేదని మాత్రం అనకు. అన్నావంటే, గురువాక్యం దాటానన్న భయంతో చుక్కలు మానేస్తుంది, ఉన్న కన్నూ పోతుంది. ఆ విషయంలో నువ్వు ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నీకు బాగా వచ్చు.

కానీ ఆవిడ ఫోన్ చేసేది కృతజ్ఞత కోసం కాదని నాకు తెలుసు. ఆ పిలుపు ఒక్కసారి నీ నోట వినాలని. అది నీ బదులు నేను పిలవలేను. పొద్దున లేచింది మొదలు నేను అమ్మా అనే పిలుస్తున్నాను. ఆవిడకు అది వినబడటం లేదు.

ఇట్లు,
నీ అక్క