పశువైద్యం సీటు కోసం

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ మనవరాలికి అగ్రికల్చర్ బీఎస్సీలో సీటొచ్చింది, ఈరోజే చేరాలి. తనేమో పశువైద్యమే చదువుతానంటుంది. రెండూ బైపీసీతో చేరేవే. కానీ పశువైద్యం కౌన్సెలింగ్ ఇంకా మొదలుకాలేదు. నిరుటి చివరి ర్యాంకుతో చూస్తే దీని ర్యాంకు అటూఇటూగా ఉంది. కాలేజీకని బయల్దేరి ఆత్మకూరులో బస్సు మారేటప్పుడు కూడా నచ్చజెబుతూనే ఉన్నాను.

"అంత భయంగా ఉంటే నువ్వే పోయి చేరు మా, అగ్రికల్చర్‌లో!" అని నవ్వింది.

ఉదయగిరిలో నీ మంద గుర్తొచ్చింది. మేక ఈనలేక అరుస్తుంటే, చెయ్యి చిన్నదని ఎనిమిదేళ్ల దీన్ని పిలిచి, లోపల పిల్ల కాళ్లు సరిచేయించావు. "శభాష్ డాక్టరమ్మా!" అన్నావు.

ఆ సీటు వదిలేసి ఇంటికొచ్చేశాం. మంచి పనే చేశానో లేదో తెలియదు. నువ్వు ముద్దుగా పిలిచిన ఆ పేరుకు ఐదున్నరేళ్లు చదవాలంట, నాయనా.